అంటేగారి పదకొండు ప్రశ్నలు

కొందరికి పామంటే పడదు, కొందరికి బల్లంటే పడదు. అంటేగారికి ‘తగినంత’ అనే మాట పడదు. ‘సుమారు’, ‘కాస్త’, ‘గణనీయంగా’ వగైరా దాని అన్నదమ్ములన్నా అంతే. వాటిలో ఏ ఒక్కటి కనపడినా ఆయన కళ్లజోడు కిందికి దిగేది, కలం పైకి లేచేది, “అంటే?” అన్న ప్రశ్న బయటికొచ్చేది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉద్యోగపు రిజిస్టరులో భద్రంగానే ఉంది. పేటెంట్ ఆఫీసు మూడంతస్తుల్లోనూ మాత్రం ఆయన అంటేగారే.

పదిహేనేళ్లుగా ఆయన పక్క బల్ల దగ్గర కూర్చుని దరఖాస్తులు పరీక్షిస్తున్న పక్కసీటావిడ ఆ ‘అంటే’ను గోడగడియారం చప్పుడులా భరించడం నేర్చుకుంది. కొత్తవాళ్లకు మాత్రం కష్టమే. ఓసారి డాక్టరు రోజూ కాస్త వేగంగా నడవమన్నాడు. ఎవరికన్నా అని అడిగారు అంటేగారు. మీకన్నానే అన్నాడు డాక్టరు. తనకన్నా తాను వేగంగా నడిచే ఉపాయమేదో చెబితేగాని లేవనని ఈయన కూర్చున్నారు. నిమిషానికి ఇన్ని అడుగులని రాసిచ్చి, డాక్టరు ఆ పూట తన రక్తపోటు తానే చూసుకున్నాడు.

భార్య ఒక్కతే ఆయన్ని జయించింది. మీతో విసుగొస్తోందని ఆమె ఓసారి ఆఫీసుకొచ్చి అన్నప్పుడు, ఎప్పటినుంచి అని ఆయన అడగడం, పక్కసీటావిడ చెవులారా విన్నది.

“పెళ్లయిన రోజు ఉదయం పదకొండుంపావు నుంచి.”

“స్పష్టంగా ఉంది,” అన్నారు అంటేగారు. “ఆక్షేపణ లేదు.”

ఆయన ఉద్యోగధర్మం గురించి కూడా కాస్త చెప్పుకోవాలి (కాస్త అన్నందుకు క్షమించాలి). కొత్త వస్తువు కనిపెట్టినవాళ్లు దరఖాస్తులో క్లెయిమ్ అని ఒక వాక్యం రాయాలి. ఇంతమేర నాది, ఎవరూ కాలు పెట్టొద్దని పాతుకునే హద్దురాయి అది. రాయి ‘సుమారు ఇక్కడ’ పాతితే పొరుగువాడు సుమారుగా లోపలికొచ్చేస్తాడు. కాబట్టి అంటేగారు హద్దురాళ్లన్నిటినీ తన్ని చూసేవారు. ఆయన ఆక్షేపణలు అందుకుని ఏడ్చినవాళ్లను చూడలేక పక్కసీటావిడ ఒకరోజు, మీలో ఉన్నది గుండె కాదండీ, కొలబద్ద అనేసింది. ఆయన నొచ్చుకోలేదు. ఎన్ని అంగుళాలదని మాత్రం అడిగారు.

ఇలా ఉండగా చెప్పుల మేస్త్రమ్మ దరఖాస్తు వచ్చింది. పాదాలమీద మానని పుండ్లున్నవాళ్ల కోసం ఆవిడ ఒక చెప్పు చేసింది. పాదం ఆనే అట్ట నిండా చిన్నచిన్న బిరడాలు. పుండు ఎక్కడుంటే అక్కడి బిరడాలు తీసేస్తే ఆ చోట బరువు పడదు. వకీలును పెట్టుకోలేదు, క్లెయిమ్ సొంతంగా రాసుకుంది: ‘తగినంత మెత్తని అట్టలో అవసరమైన చోట బిరడాలు తీసి నొప్పి తగ్గించే వైద్యపద్ధతి.’

ఒకే వాక్యంలో ‘తగినంత’, ‘అవసరమైన’. చాలదన్నట్టు వైద్యపద్ధతి ఒకటి. వైద్యం చేసే పద్ధతిమీద ఎవరికీ సొంతహక్కు ఇవ్వకూడదని చట్టం. చెప్పుమీదైతే ఇవ్వొచ్చు, కానీ బిరడాల చెప్పులు లోగడ ఇద్దరు ముగ్గురు చేసే ఉన్నారు. అంటేగారు ఆక్షేపణ పంపారు. ఆవిడ జవాబు పంపింది. మళ్లీ ఆక్షేపణ, మళ్లీ జవాబు. మూడోసారి ఏకంగా మూడు పేజీల్లో పదకొండు ప్రశ్నలు పంపి, విచారణకు రమ్మన్నారు. అదే ఆఖరి రోజు. ఆ రోజుకు క్లెయిమ్ కుదరకపోతే దరఖాస్తు రద్దు. పెద్ద చెప్పుల ఫ్యాక్టరీ ఒకటి అప్పటికే ఆవిడ దగ్గర ఆరు జతలు కొనుక్కుపోయి, అచ్చులు పోయడానికి ఆ రద్దు కోసమే కాచుకుని ఉంది.

తిరస్కరించి ఫైలు మూసేయమని పెద్దసారు ఆ ఆఖరి రోజు పొద్దున్నే చెప్పి వెళ్లాడు. మనం పరీక్ష పెట్టేవాళ్లం, జవాబులు రాసిచ్చేవాళ్లం కాదని ఆయన నిత్యం చేసే ప్రబోధం కూడా చేశాడు.

మేస్త్రమ్మ వస్తూనే చెప్పు తీసి బల్లమీద పెట్టింది. చేతిసంచిలోని చెప్పేలెండి.

“ఇన్ని ప్రశ్నలు నా పెళ్లిచూపుల్లో కూడా అడగలేదు సారూ.”

“మెత్తన అంటే ఎంతమ్మా?”

“పుండుతో మనిషొచ్చి నిలబడితే నేను స్కేలు వెతుక్కుంటానా? బొటనవేలితో నొక్కుతా. సగానికి దిగాలి, వేలు తీస్తే లేవాలి. అదీ మెత్తన.”

“ఎవరి బొటనవేలు?”

ఆవిడ ఆయన వంక చూసిన చూపుకు పక్కసీటావిడ తన ఫైలు వెనక దాక్కుంది. “వేలొద్దు. రెండు కిలోల రాయి పెట్టి చూసుకోండి. సరేనా?”

“సరే. లోగడ చేసినవాళ్ల చెప్పుల్లో బిరడాలు నడకలో ఊడిపోయాయి. మీవి ఊడవా?”

“వాళ్లవి నిలువు బిరడాలు. నావి పైన వెడల్పు, కింద సన్నం. తొక్కేకొద్దీ బిగుస్తాయి. తియ్యాలంటే కిందనుంచి మేకుతో పొడవాలి. చూస్తే తెలీట్లా?”

“చూస్తే తెలుస్తోంది. చదివితే తెలియడంలేదు. రాయండి.”

ఆవిడ అక్కడే కూర్చుని, కాగితం చిరుగుతుందేమో అన్నంత కోపంతో పదకొండు జవాబులూ రాసి ఆయన ముందుకు తోసింది. “ఇస్తే ఇవ్వండి, లేకపోతే మానెయ్యండి. నేను చెప్పులు కుట్టడం మాత్రం మానను,” అని వెళ్లిపోయింది.

ఫైలులో పెట్టబోతూ పక్కసీటావిడ ఆ కాగితం చదివింది. ప్రశ్నలు వదిలేసి ఒకటి నుంచి పదకొండు దాకా జవాబులే చదివితే, అది ఒక నిండు క్లెయిమ్. వైద్యం ఊసు లేదు, ఎవరూ చేయని చెప్పు మాత్రమే ఉంది. వెంట్రుక దూరే సందు లేదు. పెద్దసారు వచ్చి ఆవిడ చేతిలోంచే తీసుకుని చదివాడు. ఆయనా తెలివితక్కువవాడేం కాదు.

“ఇది మీరు రాసిపెట్టిందే,” అన్నాడు అంటేగారితో.

“ఒక్క అక్షరం నాది కాదండి. ఆవిడ చేతిరాత.”

“ప్రశ్నలు ఈ వరసలోనే ఎందుకు వేశారు?”

“ఏదో ఒక వరసలో వేయాలి కదండీ. వరస ఉండకూడదన్న నిబంధన చూపించండి, ఇప్పుడే చెల్లాచెదురు చేస్తాను.”

“అనవసరమైన సాయం చేశారని మీమీద పైకి రాస్తాను.”

“రాయండి. ఎంతవరకు అవసరమో, ఎక్కడినుంచి అనవసరమో కూడా రాయండి. లేకపోతే ఆ ఫిర్యాదుకు నేను ఆక్షేపణ రాయవలసివస్తుంది.”

పెద్దసారు పక్కసీటావిడ వైపు తిరిగాడు. మంజూరుకు రెండో సంతకం ఆవిడదే. ఆవిడ పెన్ను వెతుక్కుని, అందరూ చూస్తుండగా, ఎప్పటికన్నా పెద్దగా సంతకం పెట్టింది.

“నామీద కూడా రాయండి సార్,” అంది.

ఫిర్యాదు వెళ్లలేదు. పేటెంట్ వెళ్లింది.

ఆ వారమంతా పక్కసీటావిడ బీరువాలోని పాత ఫైళ్లు దించి చూసింది. వకీళ్లున్న కంపెనీలకు అంటేగారి ఆక్షేపణ ఒకే వాక్యం: ‘స్పష్టంగా లేదు.’ వకీలు లేనివాళ్లకు మూడేసి పేజీల ప్రశ్నలు. ఏ ఫైలు తీసినా జవాబులను వరసగా చదివితే ఒక క్లెయిమ్. ఏడ్చినవాళ్లలో చాలామంది చేతికి పేటెంట్ వచ్చిందని ఆవిడ ఎన్నడూ గమనించలేదు. ఎందుకు చెప్పలేదని నిలదీస్తే ఆయన, మీరు స్పష్టంగా అడగలేదమ్మా అన్నారు.

ఆరు నెలలకు మేస్త్రమ్మ నుంచి కవరు వచ్చింది. ఫ్యాక్టరీవాళ్లు వేరే దారిలేక ‘న్యాయమైన షరతులతో, సహేతుకమైన కాలంపాటు’ ఆ చెప్పు చేసుకునే అనుమతి కోరారట. వాళ్లకు తను పంపబోయే జవాబు ఆవిడ జతచేసింది. అంకెలు వేసిన ఇరవైమూడు ప్రశ్నలు. అడుగున, తప్పులుంటే దిద్దండి సారూ, అని ఉంది.

అంటేగారు కలం మూత తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు. మళ్లీ చదివారు. ఏమైందని పక్కసీటావిడ అడిగింది.

“పంతొమ్మిదోది,” అన్నారాయన కలానికి మూత పెడుతూ, “నాకైతే తట్టేది కాదమ్మా.”