పెద్దనాయన పాటల అర్ర

ఇన్నాళ్ళూ నేను ఏమీ రాయలేదు, ఎందుకంటే నాకు అక్షరాలు వచ్చేవి కావు. అక్షరాలు రాకపోవడానికి కారణం ఒక లౌడ్‌స్పీకరు. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. అరవై దాటాక, పటాన్‌చెరులో మా ఆయన ఫ్యాక్టరీ పని మానేసి ఇంట్లో కూర్చున్నాక, కాలనీలో ఆడవాళ్ళకు పెట్టిన సాయంత్రపు బడికి పోయి నేర్చుకున్నాను. ఇప్పుడు రాయగలను కాబట్టి రాస్తున్నాను.

మొన్న తెల్లాపూర్‌లో శ్రీధర్ ఇంటికి పోయాను. శ్రీధర్ మా పెద్దనాయన మనవడు, నాకు మేనల్లుడి వరస. మేఘాలకు దగ్గరగా, పై అంతస్తులో ఉండే ఆ ఇంట్లో ఒక గదంతా పాటలు వినడానికే తయారు చేయించుకుంటున్నాడు. తలుపు తీయగానే కొత్త చెక్క, జిగురు, వార్నిషు కలిసిన వాసన ముక్కుకు తగిలింది. గోడలకు బూడిదరంగు స్పాంజి పలకలు అతికించి ఉన్నాయి. దుకాణం వాళ్ళు వినిచూడమని ఇచ్చిన రెండు జతల స్పీకర్లు ఎదురుగా నిలబెట్టి ఉన్నాయి. ఒక జత ఉంచుకుని ఇంకో జత తిరిగి ఇచ్చేయాలట. ఒకే పాటను ముందు వీటిలో, తరువాత వాటిలో వినిపించి, "అత్తమ్మా, ఏది మంచిగున్నది, జెర చెప్పు" అన్నాడు. నేను గోడ మీది ఫోటో చూస్తున్నాను. తలపాగాతో మా పెద్దనాయన.

"తాతకు పాటలంటె పాణమట గదా. సంగారెడ్డిల గసొంటి స్పీకరు మనింట్లనే మొదలట. ఎల్లుండి పొద్దుగాల దోస్తులొస్తున్నరు. తాత గురించి ఒక పేజీ రాసియ్యి అత్తమ్మా, ఫ్రేము కట్టిచ్చి ఫోటో కింద పెడుత" అన్నాడు శ్రీధర్.

రాసిస్తానన్నాను.

సంగారెడ్డిలో మా ఇల్లు పెద్దది. వాకిట్లో చేదబావి, బావి పక్కన నీళ్ళ గోలెం, వెనక కొట్టంలో ఎడ్లు, ముందు గదుల్లో పెద్దనాయన జొన్న బస్తాలు. వానాకాలం చివర ఇల్లంతా తడిసిన గోనెసంచుల వాసన, కాల్చిన మక్క కంకుల వాసన, చిట్లిన సీతాఫలాల తీపి వాసన కలిసిపోయి ఉండేవి. పిల్లలం అరుగు మీద కచ్చకాయలు ఆడుతుంటే నాయనమ్మ గోడకానుకుని పాన్ నములుతూ, ఎవరు దొంగాట ఆడారో కళ్ళు మూసుకునే చెప్పేది. ఇంటికి నడుమ ఒక అర్ర ఉండేది. మందపు సున్నపు గోడలు, కింద శాబాదు బండలు, ఎండాకాలంలో కూడా చల్లన. మా ఇళ్ళల్లో ఆడపిల్లలు గడప దాటి బడికి పోయేవాళ్ళు కాదు. అందుకని సుభద్రమ్మ పంతులమ్మే మధ్యాహ్నం పూట వచ్చి, ఆ నడిమి అర్రలో చాప పరిచి, చుట్టుపక్కల ఆడపిల్లలందరికీ అక్షరాలు నేర్పేది.

మా వెనక పెద్దమ్మ కూర్చునేది. పెద్దనాయన భార్య. బియ్యంలో రాళ్ళేరుతున్నట్టు చాట ఒళ్ళో పెట్టుకుని, పలక మీద పంతులమ్మ ఏది రాస్తే అది బియ్యంలో వేలితో రాసుకునేది. ఎవరైనా వస్తే చాట ఒకసారి చెరిగేది, అక్షరం పోయేది. అట్లా తన పేరులో సగం వరకు వచ్చింది. నేను ఇంకా గుణింతాల దగ్గర ఉన్నాను.

ఆ ఏడు మా పేటకు కొత్తగా కరెంటు వచ్చింది. పెద్దనాయన పట్నంలో ఎవరో నవాబు గారింట్లో పాటలు వినడానికే వేరే గది చూసి వచ్చాడట. వచ్చిన తెల్లారి మా చాప చుట్టి వాకిట్లో పడి ఉంది. పంతులమ్మ గుమ్మంలో నిలబడి, "పిల్లలను ఎక్కడ కూసోబెట్టాలె పటేలా?" అని అడిగింది.

"కొట్టంల జాగుంది గదా. ఆడివిల్లల సదువు ఎక్కడైతె ఏంది? ఈ అర్రల పాటల పెట్టెలు పెడుత, అవి ఎండకు, వానకు ఆగయ్" అన్నాడు పెద్దనాయన.

పంతులమ్మ మా వైపు ఒకసారి చూసి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకు ఆమెను వేరే ఊరికి బదిలీ చేశారని విన్నాం.

పట్నం నుంచి దుకాణం మనిషి ఖాదర్ సాబ్ రెండు పెట్టెలు ఎడ్లబండి మీద తెచ్చాడు. ఒకటి బీరువా అంత. ఇంకొకటి చిన్నది, ముందర గుడ్డ కట్టినది. లోపల ఎర్రగా వెలిగే బుడ్ల మిషను ఒకటి మధ్యలో పెట్టి, ఒకే గ్రామఫోన్ ప్లేటు ముందు దీంట్లో, తరువాత దాంట్లో వినిపించాడు. పెద్దనాయన పాట వినలేదు. కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు వేలి మెటికతో రెండు పెట్టెలనూ కొట్టి చూశాడు. ఒక మూల పట్టుకుని లేపి బరువు చూశాడు.

"పటేల్ సాబ్, గీ అర్రకు చిన్నది సాలు. పెద్దదైతె గోడలు ఎదురు మాట్లాడుతయ్" అన్నాడు ఖాదర్ సాబ్.

"ఎడ్లు కొన్నా, జొన్నలు కొన్నా బరువు సూసే కొన్న. ఎన్నడు మోసపోలె. పెద్దదే ఉంచు."

ఖాదర్ సాబ్ చెప్పినట్టే అయింది. పాట పెడితే గోలెంలో తల పెట్టి ఎవరో అరుస్తున్నట్టుండేది. మాట ఒక్కటీ తెలిసేది కాదు. మళ్ళీ పిలిపిస్తే, గోడల నిండా మందపు గుడ్డలు కట్టమన్నాడు. మందపు గుడ్డలంటే ఇంట్లో ఉన్నవి ఆడవాళ్ళ బొంతలే. పాత చీరలు పొర మీద పొర వేసి ఏళ్ళ తరబడి కుట్టుకున్నవి. పెద్దమ్మ బొంతలో పై పొర చనిపోయిన వాళ్ళమ్మ చీర. పెద్దనాయన అన్నీ లాగి గోడలకు మేకులు కొట్టించాడు. మేము వాన రాత్రుళ్ళు గోనెసంచులు కప్పుకుని పడుకున్నాం. అబద్ధమెందుకు, ఆ తరువాత పాట బాగా వినిపించింది, మాట మాటా విడివిడిగా. కానీ తలుపు వేసి ఉండేది. ఆడవాళ్ళు, పిల్లలు లోపలికి పోకూడదు.

చనిపోయిన పెద్దల పేరిట బియ్యం ఇచ్చే పెత్రమాస ముందు రోజు సాయంత్రం తహసీల్దారును, డాక్టరును, మార్కెట్ పెద్దలను పాటలకు పిలిచాడు. పొద్దున్నే మండీకి పోయాడు. ఆయన అటు పోగానే పెద్దమ్మ కొంగు బిగించి, రోకలి పక్కనున్న సుత్తె తీసుకుని పాటల అర్రలోకి పోయింది. ఒక్కో మేకు ఊడదీస్తుంటే నాయనమ్మ పాన్ నమలడం ఆపి, "మేకులు కిందేసెయ్యకు, కాళ్ళల్ల గుచ్చుకుంటయ్" అంది. అంతే అంది.

పండుగ ముందర బొంతలు ఉతకడం మా దగ్గర తప్పని ఆచారం. చౌడు మట్టి వేసి నానబెట్టి, అమ్మా పెద్దమ్మా నేనూ కలిసి తొక్కాం. అట్లా నీళ్ళలో తొక్కుతుంటే అమ్మ నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు.

పెద్దనాయన అతిథులను వెంటబెట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి ప్రహరీ పొడవునా బొంతలు నీళ్ళు కారుతున్నాయి.

"ఏందే ఇది?"

"పండుగ బొంతలు. ఉతుకని బొంత ఇంట్ల పెట్టుకోని రేపు పెద్దలకు బియ్యం ఎట్లిస్తం?" అంది పెద్దమ్మ.

"గది నిజమే పటేలా" అన్నాడు మార్కెట్ పెద్ద ఒకాయన. పెద్దనాయన అతిథులను అర్రలోకి తీసుకుపోయాడు.

ప్లేటు పెట్టారు. బోడి గోడల మధ్య పెద్ద పెట్టె గర్జించింది. తగ్గించినా అదే గొణుగుడు. తహసీల్దారు చెవిలో వేలు పెట్టుకుని, "పటేలా, గిది పాటనా, పంచాయితా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు మాత్రం స్పష్టంగా వాకిట్లోకి వినిపించింది. పెద్దమ్మ బొంత అంచు పట్టుకుని, నిదానంగా, చుక్క మిగలకుండా పిండుతోంది.

మా బొంతలు మాకు వచ్చాయి. అర్ర రాలేదు. పెద్దనాయన దానికి తాళం వేసి తాళంచెవి మొలకు కట్టుకున్నాడు. పెద్దమ్మ తన పేరు సగమే నేర్చి పోయింది. నేను వేలిముద్రతో పెళ్ళి చేసుకుని, వేలిముద్రలతోనే పిల్లలను పెంచాను. అందరూ ఆయనను రసికుడంటారు. నేను అనను. ఇన్నేళ్ళయినా నా కోపం తగ్గలేదు, తగ్గాలని నేను కోరుకోలేదు కూడా.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు, అక్కడ బట్టల దుకాణాలున్నాయి. బొంతలు కుట్టేవాళ్ళు లేరు. చౌడు మట్టి అంటే మా మనవరాళ్ళకు తెలియదు.

ఇక్కడిదాకా నిన్న సాయంత్రం రాశాను. తెల్లారి బస్సెక్కి తెల్లాపూర్ పోయి శ్రీధర్ చేతిలో పెట్టాను. దోస్తులు అప్పటికే వచ్చి కూర్చుని పాట వింటున్నారు. శ్రీధర్ నిలబడే చదివి, "అత్తమ్మా, ఇది గోడకు ఎట్ల పెట్టాలె?" అన్నాడు మెల్లగా.

"పెట్టకు బిడ్డా. నీ మీద నాకేం లేదు. గా పాట జెర బందు చెయ్యి" అన్నాను.

కాగితాలు తిరిగి తీసుకున్నాను. రెండు స్పీకర్ల మధ్య, వినేవాడి కోసం వేసిన కుర్చీలో, పెద్దనాయన ఫోటోకు ఎదురుగా కూర్చుని గట్టిగా చదివాను. తడబడిన చోటల్లా వెనక్కి పోయి మళ్ళీ మొదలుపెట్టాను. అయిపోయేదాకా ఎవరినీ లేవనివ్వలేదు.