షేర్ల మాస్టారి చివరి ఆట

షేర్ల మాస్టారు పోయి నెల దాటింది. సంతాప సభలో మాట్లాడినవాళ్ళంతా ఆయన ఆట గురించే చెప్పారు. ఆ ఆటవల్లే బ్యాంకులో ఉద్యోగం వచ్చిందని ఒకడు, ఆ ఆట ఆడబట్టే మొగుడి వ్యాపారం తాను నిలబెట్టగలిగానని ఒకామె. అంత పేరొచ్చిన ఆటని ఆయన ఉన్నట్టుండి ఎందుకు మానేశారో మాత్రం ఎవరూ చెప్పలేదు. వయసు మీదపడి ఓపిక తగ్గిందన్నారు. ఓపికా, పాడా! పక్క గదిలో లెక్కలు చెప్పినదాన్ని నేను. నాకు తెలుసు.

మా రెండు గదుల మధ్య గోడ లేదు, చెక్కల అడ్డం ఒకటుండేది. ఇవతల నేను త్రిభుజాలు గీస్తుంటే అవతల "కొన్నా", "అమ్మేశా" అంటూ సంత గోల. ఆయన చెప్పేది కామర్సు. పుస్తకంలో షేర్ల పాఠం నాలుగే పేజీలు, అది చదివితే నిద్ర తప్ప ఇంకేమీ రాదని ఆయనే అనేవారు. అందుకని పాత ప్రశ్నపత్రాల వెనక వైపు తెల్లగా ఉన్నంత మేరా కత్తిరించి, అవే షేర్లని సంతకాలు పెట్టేవారు. ఒక్కొక్కరికీ ఉత్తుత్తి లక్ష ఇచ్చేవారు. రోజూ పొద్దున్నే పేపర్లో చూసి కొన్ని కంపెనీల అసలు ధరలు బోర్డు మీద రాసేవారు. పిల్లలు ఆ ధరకే కొనాలి, ఆ ధరకే అమ్మాలి. టర్ము ముగిసేనాటికి ఎవరి కాగితాల విలువ ఎక్కువైతే వాళ్ళకి ఒక మంచి పెన్ను, బడి అందరి ముందూ చప్పట్లు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మాస్టారూ మీ వ్యవహారం" అని నేను ఏడిపించేదాన్ని. ఆయన నవ్వేసి ఊరుకునేవారు. వాళ్ళావిడ ఇంకో ఆకు ఎక్కువే చదివింది. బజారుకి పంపితే పుచ్చు వంకాయలు ఏరుకొచ్చే మనిషి లోకానికి కొనడం, అమ్మడం నేర్పుతున్నాడని నాతో చెప్పి మొత్తుకునేది. నిజం చెప్పాలంటే ఆయన సొంతానికి ఒక్క షేరు కూడా కొన్న పాపాన పోలేదు. నెలాఖరుకి ఏమైనా మిగిలితే కదా కొనడానికి!

మరెందుకయ్యా ఈ తాపత్రయం అని ఒకసారి గట్టిగానే అడిగాను.

"మా నాన్న మిల్లులో బస్తాలు మోశాడు చెల్లెమ్మా" అన్నారు. "ఆ మిల్లుకి వాటాదార్లుంటారని, వాళ్ళకి లాభం పంచుతారని ఆయనకి చచ్చేదాకా తెలీదు. ఈ పిల్లలకైనా తెలియాలిగా. కష్టపడేవాళ్ళ చేతిలోనే ఓ వాటా ముక్క ఉందనుకో, అప్పుడు కంపెనీ వాళ్ళది కూడా అవుతుంది."

ఆ మాట ఆయన మనసా వాచా నమ్మారు. అంతగా నమ్మిన మనిషికే దెబ్బ గట్టిగా తగులుతుంది.

ఆ ఏడు తరగతిలో ఒక పిల్ల ఉండేది. తండ్రి ఊరి చివర ఫ్యాన్ల ఫ్యాక్టరీలో వైండింగ్ పనివాడు, అంటే ఫ్యాను మోటారుకి రాగితీగ చుట్టే పని. తీగ ఎంత బిగువుగా లాగాలో, ఎక్కడ వదులివ్వాలో తండ్రి చేతులు చూపించి చెప్పినట్టే ఈ పిల్లా చూపించేది. అందుకే అందరూ ఫ్యానమ్మ అని పిలిచేవాళ్ళు. "తెలియని గుర్రం ఎక్కకండి, తెలిసిన కంపెనీయే కొనండి" అని మాస్టారు చెప్పడమే తడవు, తన లక్షంతా పెట్టి ఫ్యాన్ల కంపెనీ షేర్లు కొనేసింది. ఉన్నదంతా ఒక్కదాని మీదే పెడితే నట్టేట మునుగుతావని ఆయన చిలక్కి చెప్పినట్టు చెప్పారు. వింటేగా!

మునిగింది కూడా. ఆ టర్మంతా ఫ్యాన్ల కంపెనీ ధర దిగడమే కానీ ఎక్కడం లేదు. తోటిపిల్లలు, స్విచ్చి వేసినా తిరగని ఫ్యాను అని ఆటపట్టించారు. ఫ్యానమ్మ ఒక్క కాగితం కూడా అమ్మలేదు. "మా నాన్న చుట్టిన మోటారు ఎప్పుడూ కాలిపోలేదండీ, ధర అదే పెరుగుతుంది" అనేది. గెలవాలన్న పంతం కాదది. తండ్రి పనికి ధర పలకాలి, అంతే దాని కోరిక.

ఆట ఆఖరి రోజు పొద్దున్నే మాస్టారు స్టాఫ్‌రూములో పేపరు పట్టుకుని నిలబడిపోయి ఉన్నారు. ఆ కంపెనీకి వేరే ఊళ్ళలోనూ ఫ్యాక్టరీలున్నాయి. మా ఊళ్ళోది మూసేస్తున్నారని, పనివాళ్ళందర్నీ తీసేశారని మొదటి పేజీలో ఉంది. లోపలి పేజీలో అదే కంపెనీ షేరు ఒక్క రోజులో ఆకాశానికి ఎగిరిపోయింది.

"ఇవాళ ఆట మానెయ్యండి మాస్టారూ. ఆ పిల్ల బడికొచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి" అన్నాను.

"పడ్డ రోజులన్నీ రాశాను చెల్లెమ్మా. లేచిన రోజు దాచేస్తే నేను నేర్పిందంతా అబద్ధమైపోదూ?"

"మీ నిజం తగలెయ్య" అనేశాను. వయసులో పెద్దాయన, అనకూడని మాటే. ఆయనకి వినబడినట్టు లేదు. సుద్దముక్క తీసుకుని వెళ్ళిపోయారు.

నా పిల్లలకి ఏదో లెక్క పడేసి అడ్డం దగ్గర నిలబడ్డాను. అవతల సుద్ద గీసిన చప్పుడు, తర్వాత గుసగుసలు, కూడికలు. అంతలో ఎవడో వెర్రినాగన్న "ఫ్యానమ్మ గెలిచేసిందిరోయ్" అని అరిచాడు. చప్పట్లు మోగాయి. పాపం, వాళ్ళు చూసింది ధర ఒక్కటే. ఫ్యానమ్మ మొహం చూశారేమో, చప్పట్లు వాటంతటవే ఆగిపోయాయి.

"ఎందుకు పెరిగిందండీ?" ఫ్యానమ్మ గొంతు.

"కంపెనీకి ఖర్చు తగ్గిందమ్మా. ఖర్చు తగ్గితే లాభం ఎక్కువొస్తుందని అందరూ ఎగబడి కొన్నారు."

"ఖర్చంటే మా నాన్నేనాండీ?"

"అవునమ్మా" అన్నారాయన.

"అయితే నాకొద్దండీ. అన్నీ అమ్మేస్తాను."

"ఇప్పుడు అమ్మినా గెలిచేది నువ్వేనమ్మా."

"ఉంచేసుకుంటే?"

"ఉంచుకున్నా నువ్వే."

"మరి ఓడిపోవాలంటే ఏం చెయ్యాలండీ?"

ఇన్నేళ్ళలో ఆయన్ని ఎవరూ అడగని ప్రశ్న అది.

మర్నాడు బహుమతి ఇద్దామంటే ఆ పిల్ల బడికి రాలేదు. పెన్ను మాస్టారి సొరుగులోనే ఉండిపోయింది. కొన్నాళ్ళకి తండ్రిని వెంటబెట్టుకుని టీసీ కోసం వచ్చింది. వేరే ఊళ్ళో అతని బావమరిదికి మోటార్లు బాగుచేసే కొట్టుందట, అక్కడికి పోతున్నారు. మనిషి ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. స్టాఫ్‌రూములో మా ఇద్దరికీ నమస్కారం పెట్టాడు.

"మా పిల్లకేదో బహుమతి వచ్చిందటగదండీ! ఇది నాతో చెప్పనే లేదు, దీని స్నేహితురాలు చెబితే తెలిసింది" అన్నాడు మాస్టారితో. "ఇంతమందిలో ఫస్టొచ్చిందంటే మాటలా! ఏ కంపెనీ కొన్నదండీ?"

తండ్రి వెనక నుంచి ఫ్యానమ్మ చెప్పొద్దని తల అడ్డంగా ఊపింది. మాస్టారు నా వంక చూశారు. నేను తల దించుకున్నాను. ఆయనకి అబద్ధం చెప్పడం రాదు.

"మీ కంపెనీయేనండీ" అన్నారు.

ఎందుకు పెరిగిందని అడుగుతాడేమోనని భయపడ్డాను. అతను అడగలేదు. మొహం చేటంత చేసుకున్నాడు.

"మా కంపెనీయా! చూశారా అండీ, నన్నయితే పొమ్మంది గానీ నా కూతుర్ని గెలిపించింది. ఇన్నేళ్ళు చేసిన చాకిరీ ఊరికే పోలేదు. తీసుకోవే, మాస్టారు ఇస్తున్నారు."

మాస్టారు సొరుగులోంచి పెన్ను తీశారు. ఫ్యానమ్మ పెన్ను వంక చూసింది, తండ్రి మొహం చూసింది. చెయ్యి చాపి తీసుకుంది. "థాంక్సండీ" అని నవ్వింది కూడా. పదహారేళ్ళ పిల్ల అలా నవ్వాల్సి రావడం ఎంత పాపమో ఆ క్షణాన నాకు అర్థమైంది. దాన్ని దగ్గరికి తీసుకుందామనుకున్నాను, తండ్రికి అనుమానం వస్తుందని ఊరుకున్నాను.

వాళ్ళు గది దాటగానే మాస్టారు కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. నేను మంచినీళ్ళిచ్చాను. "ఇంక ఆడించను చెల్లెమ్మా" అన్నారు. అన్నట్టే ఆడించలేదు. రిటైరయ్యేదాకా ఆ నాలుగు పేజీలూ పుస్తకం చూసి చదివించారు.

నేను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. గేటు దగ్గర తండ్రి వాచ్‌మన్‌ని ఆపి మా కంపెనీ షేర్లు కొనబట్టే మా అమ్మాయి ఫస్టొచ్చిందని ఇక్కడిదాకా వినబడేలా చెబుతున్నాడు. ఫ్యానమ్మ పక్కన నిలబడి, అవునవునని తల ఊపుతోంది.