చావు ఇంటి ముందు ముగ్గు

ఇంటికి బయట తాళం వేయడమంటే దొంగకు కబురు పంపడమేనని నా నమ్మకం. అందుకే మా ముందు తలుపుకు నేనెప్పుడూ తాళం వేయలేదు. లోపల గడియ పెట్టి, వెనుక తలుపు నుంచి బయటికి వచ్చి, తాళం అక్కడ వేసేదాన్ని. వెళ్లేముందు తీగ మీద ఒక పాత చీర, ఒక లుంగీ ఆరవేసేదాన్ని. గడప బయట పాత చెప్పుల జత ఒకటి వదిలేదాన్ని. ఎక్కడికి పోతున్నావని ఎవరైనా అడిగితే "గీడికే" అనేదాన్ని, ఇక్కడికే అన్నట్టు. జనగామ పోయినా గీడికే, తొర్రూరు పోయినా గీడికే. మూడో తరగతితోనే బడి మానిపించారు నన్ను. ఈ చదువు మాత్రం నాకెవరూ చెప్పలేదు.

అన్నిటికంటే పెద్ద గుర్తు వాకిలి. మా భూపాలపల్లిలో పొద్దున లేస్తే పేడనీళ్ల సాన్పి చల్లి ముగ్గు వేయాల్సిందే. రెండు రోజులు ముగ్గు పడలేదంటే ఇంట్లో మనుషులు లేరని దారిన పోయేవాడికి కూడా తెలిసిపోతుంది. మనుషులుండి కూడా ముగ్గు పడని ఇల్లు ఒకటే, చావు జరిగిన ఇల్లు. పెద్దకర్మ అయ్యేదాకా ఆ వాకిట్లో ముగ్గు వేయకూడదు.

ఇంత జాగ్రత్త పడి నేను కాపాడింది ఒక్క బంగారు గుండ్ల దండ. మా ఇంటాయన బొగ్గుబాయిలో, అదే బొగ్గు గనిలో, పనిచేశాడు. అందరూ ఇంటిపట్టున ఉండే ఆదివారాలు కూడా బాయిలోకి దిగేవాడు. ఆ ఆదివారాల జీతంతోనే ఒక ఏడు ఒక గుండు, ఒక ఏడు రెండు గుండ్లు చేయించాను. అది మెడలో వేసుకుని నేను తిరిగింది తక్కువ. ఆయన పని దిగిపోయాక, ఇంటికి తెచ్చుకున్న బాయి బూట్లలో ఒకదాని ముందు భాగంలో ఆ దండ పెట్టి, పైన పాత గుడ్డ కుక్కి, మంచం కిందికి తోశాను. బొగ్గు నలుపు ఎక్కిన బూటులో ఏ దొంగా చేయి పెట్టడు.

"బూటు లోపట బంగారం పెడితివి. దాంట్ల కాలు పెట్టినోనికి మాత్రం గింత ఇలువ ఇయ్యకపోతివి" అని ఆయన నవ్వేవాడు.

ఈ చోటు మా ఇద్దరికే తెలుసు. కొడుక్కి చెప్పలేదు. కోడలికి అసలే చెప్పలేదు.

ఒకరోజు పొద్దున ఆయన చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగాడు. మళ్లీ లేవలేదు. మా పొలం ఉన్నది, అయినవాళ్లందరూ ఉండేది తొర్రూరు పక్క ఊళ్లోనే. మధ్యాహ్నానికల్లా బండి మాట్లాడి ఆయన్ని అక్కడికి తీసుకుపోయాం. తీగ మీద చీర వేయలేదు, చెప్పులు పెట్టలేదు. బూట్లు నాకు గుర్తుకే రాలేదు.

మూడో రోజు కోడలు ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అత్తమ్మా, మామ ఫ్లెక్సీ కట్టిచ్చిండు మీ కొడుకు. భూపాలపల్లిల మన గల్లీ మలుపు మీదనే. ఫొటో ఎంత మంచిగొచ్చిందో సూడు."

అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. ఆయన పేరు ఉంది. పెద్దకర్మ తేదీ ఉంది. అది ఏ ఊళ్లో జరుగుతుందో ఉంది. బంధుమిత్రులందరూ రావలెనని కింద ఎర్రటి అక్షరాలు. కొడుకును పిలిచాను.

"ఇల్లు పదకొండు దినాలు ఉత్తగుంటదని బొమ్మ పెట్టి మరీ చాటినవేంది రా?"

"అట్లంటవేందవ్వా? బాపు పోయిండని నలుగురికి తెల్వద్దా? అందరు కట్టేదే గదా."

నిజమే, అందరూ కట్టేదే. ఏం చేయాలి? నేను పదకొండో దినం దాకా మూల విడిచి లేవకూడదు. తలకొరివి పెట్టిన కొడుకు ఊరి పొలిమేర దాటకూడదు. కోడలిని పంపవచ్చు. పంపితే చోటు చెప్పాలి. అందుకు నాకు మనసు రాలేదు.

చివరికి మా గోడ పక్కింట్లో బ్లౌజులు కుట్టే తురకోళ్ల ఆమెకు ఊళ్లోని ఒక చిన్నపిల్లాడి చేత ఫోను చేయించాను. ఇన్నేళ్లు పక్కపక్కనే ఉన్నా ఆమెతో నేను కుట్టుకూలి బేరం తప్ప వేరే మాట మాట్లాడింది లేదు.

"రేపటి సంది పొద్దుగాల మా వాకిట్ల నీళ్లు సల్లి ముగ్గెయ్యి బిడ్డా" అన్నాను.

"యా అల్లా! మీ ఇంట్ల మయ్యత్ అయింది గద పెద్దమ్మా. గిప్పుడు ముగ్గా? మీవోళ్లు ఏమనరా?"

"అంటే నన్నంటరు. నువ్వెయ్యి."

"నాకు ముగ్గు ఏడొస్తది?"

"జాకెట్టు మెడకు గీతలు గీస్తవు గద. గట్లనే గియ్యి."

"మంచిది. నువ్వు పరేషాన్ గాకు" అంది. ఎందుకని అడగలేదు.

వచ్చినవాళ్లందరూ నా మీద పడి ఏడ్చారు. నేనూ ఏడ్చాను. కానీ ఏడుస్తూనే మనసు భూపాలపల్లి వాకిట్లోకి పోయేది. ఇవాళ వేసిందో లేదో, వాన పడి చెరిగిందేమో అనుకునేదాన్ని. ఆయన కోసం కూర్చున్న మూలలో కూర్చుని ఆయన్ని తలచుకోలేకపోయాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

పెద్దకర్మ నాడు ఆయనతో బాయిలో పనిచేసిన ఒకాయన వచ్చాడు. మంచివాడు, ఏదీ కడుపులో దాచుకునే మనిషి కాదు.

"పొద్దుగాల మీ ఇంటి ముంగట్నుంచే వచ్చిన వదినా. వాకిట్ల ముగ్గు సూసి, ఇంట్ల ఎవలో ఉన్నరనే అనుకున్న" అన్నాడు.

ఆ మాట వినగానే ముందు నా ప్రాణం కుదుటపడింది. అంతలో జనగామ నుంచి వచ్చిన ఆడబిడ్డ తలెత్తింది.

"ఏందీ? సచ్చిన ఇంట్ల ముగ్గా? మా అన్న బూడిద సల్లారకముందే సింగారమా వదినా?"

వాకిలి నిండా జనం. అందరూ నా వైపే చూశారు. ఎందుకు వేయించానో చెబితే ఇంట్లో ఏదో ఉందని అందరికీ చెప్పినట్టే. తల వంచుకుని ఆ మాటలు పడ్డాను. కొడుకు కూడా ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

రెండు రోజుల తరువాత భూపాలపల్లి వచ్చాం. ఫ్లెక్సీ ఇంకా మలుపు మీదే ఉంది. మా వాకిట్లో చుక్కలు లేవు, పువ్వులు లేవు. గుండ్రటి జాకెట్టు మెడ, పలక మెడ, మధ్యలో ఒక చేతి కొలత. వెనుక తలుపుకు తాళం వేసింది వేసినట్టే ఉంది. దొంగ ముగ్గు చూసి పోయాడో, అసలు మా గల్లీలోకే రాలేదో నాకు తెలియదు.

స్నానాలయ్యాక కోడలు మామ బట్టలు, చాప, దుప్పటి అన్నీ ఒక సంచిలో వేయసాగింది. పోయినవాళ్ల వస్తువులు ఇంట్లో ఉంచకూడదు కదా. ఆ చేతితోనే మంచం కింది బూట్లు తీసింది.

"గివి గూడ పడేద్దునా అత్తమ్మా?"

ఈ ప్రయాణంలో నాకేమైనా అయి ఉంటే ఆ బూట్లు చెత్తబండి ఎక్కేవి. దొంగ రావలసిన పనే లేదు. ఆయన ఆదివారాలన్నీ కోడలి చేతుల మీదుగానే పోయేవి, పాపం ఆమెకు తెలియకుండానే.

"చెయ్యి పెట్టు" అన్నాను.

ఆమె గుడ్డ లాగింది. గుండ్లు చూసింది. దండను ఒడిలో వేసుకుని నేల మీద కూర్చుంది.

"నాకు చెప్తే ఎత్కపోదునా అత్తమ్మా?"

ముగ్గు కథంతా అప్పుడు చెప్పాను. వింటున్న కొడుకు లేచి బయటికి పోయాడు. కాసేపటికి ఫ్లెక్సీ చుట్టుకుని తెచ్చి మూలన పెట్టాడు.

నేను చీపురు తీసుకుని పక్కింటామె వేసిన గీతలన్నీ కడిగేశాను. ఆ మరునాటి నుంచి పదకొండు రోజులు మా వాకిట్లో ముగ్గు వేయనివ్వలేదు. తలుపు తెరిచి గడప లోపల కూర్చునేదాన్ని. నాలుగో రోజు ఆమె గోడ మీంచి తొంగి చూసింది.

"ఇంట్ల లేనప్పుడు నాతోని ఏపిచ్చినవు. ఇంట్ల ఉండి ఎందుకు ఎయ్యవు పెద్దమ్మా?"

"గప్పుడేసింది దొంగల కోసం బిడ్డా. గిప్పుడు ఎయ్యంది ఆయన కోసం" అన్నాను.

పన్నెండో రోజు కోడలు సాన్పి చల్లి ముగ్గు వేసింది. బూట్లు పడేయలేదు, కడిగి దండెం కింద పెట్టింది. గుండ్లు ఇప్పుడు వాటిలో లేవు. ఎక్కడున్నాయో ఇక్కడ చెప్పను. కోడలికి తెలుసు.