నాన్న చల్లిన నీళ్ళు

మా నాన్న పాస్టరు. భట్టిప్రోలు పక్కన మా పేట గుడిలో పసిపిల్లల నుదుట నీళ్ళు చల్లి, సంఘం పుస్తకంలో పేరు రాసేవాడు. ఆయన లెక్కలో ఆ పుస్తకంలో ఉన్నవాళ్ళే సంఘం. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది.

రేపల్లెలో కాపురముంటున్న అక్క, పెళ్ళయ్యాక అక్కడి సహవాసమనే వేరే క్రైస్తవుల గుంపులో చేరింది. వాళ్ళకి గంటా లేదు, గోపురమూ లేదు. ఒక పెంకుటింట్లో కూడేవారు. తెలివొచ్చాక నమ్మి, నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే సంఘమనేవారు. డెబ్భైల మొదట్లో, కాలవకి నీళ్ళు వదిలిన కొత్తల్లో, అక్క కూడా మునగడానికి సిద్ధపడింది. అమ్మ నన్ను చాటుగా పంపింది. నాన్నకి ఎవడు మోశాడో తెలియదు.

నేను అక్క పొడి చీర పట్టుకుని గట్టు మీద ఉన్నాను. అక్క నడుం లోతు నీళ్ళలోకి దిగింది. సహవాసం పెద్ద ప్రార్థన మొదలుపెట్టాడో లేదో, నాన్న చెప్పులతోనే కాలవలోకి దూకాడు. పెద్దాయన మూతి పగలగొట్టాడు. అడ్డొచ్చిన బావని నెట్టేశాడు.

"నేను చల్లిన నీళ్ళు నీళ్ళు కావంటావా? మునగాలనుందా? మునుగు!" అని అక్క జుట్టూ మెడా పట్టుకుని తల నీళ్ళలోకి నొక్కాడు.

అక్క చేతులు కొట్టుకున్నాయి. కాసేపటికి కొట్టుకోవడం మానేశాయి. బావ కర్ర తెచ్చి భుజం మీద బలంగా కొడితే గాని నాన్న వదల్లేదు. ఒడ్డున బోర్లా పడుకోబెడితే అక్క నోట్లోంచి బురద నీళ్ళు వచ్చాయి, వెనకే రక్తం. మెడ మీద వేళ్ళు అచ్చుపడ్డాయి. నేను ఆ చీర పట్టుకుని అలాగే నిలబడ్డాను. కదిలితే ఒట్టు.

నాన్న ఇంటికొచ్చి పుస్తకంలో అక్క పేరు కొట్టేశాడు. అక్కడ సహవాసం పెద్ద, వాచిన మూతితోనే, "ఇది బాప్తిస్మం కిందకి రాదమ్మా, మళ్ళీ దిగాలి" అన్నాడట. అక్క ఇక ఏ నీళ్ళలోకీ దిగనంది. దాంతో ఆమె ఎవరి సంఘంలోనూ లేకుండా పోయింది.

ఆదివారం నాన్న భుజానికి కట్టుతోనే వాక్యం చెప్పాడు. సంఘమంటే ఒకే శరీరమట, వేలికి దెబ్బ తగిలితే ఒళ్ళంతా నొస్తుందట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆడవాళ్ళ చాపల్లోంచి అమ్మ లేచింది.

"ఆ ఒంటికి మెడ రేపల్లెలో ఉందండి. మింగుడు పడక గంజి తాగుతోంది."

అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది. నాన్న నా వైపే చూస్తున్నాడు. నేను చెయ్యి విడిపించుకున్నాను. అమ్మ ఒక్కతే బయటికి నడిచింది. నాన్న పాట ఎత్తుకోమన్నాడు. నేనే ఎత్తుకున్నాను.