వద్దుల మేస్త్రీ

లిఫ్టులు బాగుచేసే ఆ మెకానిక్‌కి వద్దుల మేస్త్రీ అని పేరు పడిపోయింది. ముట్టుకోవద్దు, ఆనుకోవద్దు, తొయ్యొద్దు... ఏ బిల్డింగులో అడుగుపెట్టినా ముందు ఈ ముక్కలే. పనే అలాంటిది మరి. తొందరపడ్డవాళ్ల గతి ఏమవుతుందో కళ్లారా చూసినవాడు. కాకపోతే ఆ నోటినే ఇంటికీ మోసుకెళ్లేవాడు, అదీ వచ్చిన చిక్కు. ఒక్కగానొక్క కూతురు కుట్టుపనికి వెళ్తానంటే వద్దు, స్కూటీ కొనుక్కుంటానంటే వద్దు. ఆ పిల్ల అన్నీ చేసింది, తండ్రితో మాట్లాడటం మాత్రం మానేసింది. ఇద్దరి మధ్యా రాయబారాలు నడపలేక తల్లి విసిగిపోయింది.

ఆ రోజు పిలుపు వచ్చింది కూతురు కుట్టుపని చేసే బిల్డింగు నుంచే. తలుపులు తెరిచి ఉన్నా కదిలే మాయరోగం ఆ పాత లిఫ్టుకి పట్టుకుంది. తను వచ్చేదాకా ఎవరూ ఎక్కొద్దని ఫోన్లోనే చెప్పాడు. మీ నాన్న ఎక్కొద్దన్నాడమ్మా అని వాచ్‌మన్ అనగానే ఆ పిల్ల పనిగట్టుకుని ఎక్కింది. అంతలో కరెంటు పోయింది.

మేస్త్రీ మెట్లెక్కి మూడో అంతస్తుకు చేరాడు. లిఫ్టు తన ఛాతీ ఎత్తున, రెండు అంతస్తుల మధ్య ఆగి ఉంది. తలుపులు ఎలా తెరిచిందో ఏమో, కూతురు అంచున కూర్చుని, కాళ్లు బయటికి వేలాడేసి దూకబోతోంది. లిఫ్టు అడుగున నేల దాకా నోరు తెరుచుకున్న గొయ్యి. కాలు జారితే అందులోకే. పట్టుకుని లాగడానికీ లేదు, సగంలో ఉండగా కరెంటు వచ్చి లిఫ్టు లేస్తే మనిషి మిగలదు. లిఫ్టు మోటారు ఆపడానికి, పైన మోటారు గది తాళంచెవి కోసం వాచ్‌మన్ పరిగెత్తాడు.

దూకొద్దన్నాడు. కదలొద్దన్నాడు. చెబితే వినవేం అని గొంతు పెంచాడు. అతను వద్దన్నకొద్దీ ఆ పిల్ల ముందుకే జరిగింది.

"లోపల ఊపిరాడట్లేదు. నువ్వెప్పుడు సరేనన్నావు గనక," అంది ఏడుపు గొంతుతో.

ఇంకో వద్దు మేస్త్రీ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"నాకు భయమేస్తోంది తల్లీ," అన్నాడు. ఆ మాట అతని నోట భార్య కూడా ఏనాడూ వినలేదు. "నా కాళ్లు వణుకుతున్నాయి. నువ్వు వెనక్కి జరిగి ఆ గోడకి ఆనుకుని కూర్చో. అప్పుడు నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది. నేనిక్కడే ఉంటా."

ముందు ఒక కాలు, దాని వెనకే రెండోది లోపలికి వెళ్లాయి.

"కూర్చున్నా నాన్నా."

లైట్లు వెలిగాయి. లిఫ్టు తెరిచిన తలుపులతోనే ఒక్క ఊపున పైకి లేచింది. ఇందాక ఆ పిల్ల కాళ్లు వేలాడిన చోట, లిఫ్టు నేలకీ పై గోడకీ మధ్య సందు అతని కళ్లముందే మూసుకుపోయింది.

మోటారు ఆపేశానని వాచ్‌మన్ కేకేశాక, మేస్త్రీ నాలుగో అంతస్తులో తలుపు తీసి కూతుర్ని బయటికి తెచ్చాడు. ఇద్దరూ మెట్లమీద కూలబడ్డారు.

"నువ్వు వద్దన్నప్పుడల్లా నామీద నమ్మకం లేదనుకున్నా," అంది.

"భయం తల్లీ, అంతే."

కేకలకి వచ్చిన కుట్టుపని వాళ్లందరూ చూస్తుండగానే ఏడ్చేశాడు. కూతురు అతని చెయ్యి పట్టుకుని, వణుకు తగ్గేదాకా అక్కడే కూర్చుంది.