పెట్టెలో పెట్టిన పేర్లు

మా బైబిలమ్మ పోయిందన్న కబురు నాకు గగన్‌పహాడ్ దగ్గర బస్సులో అందింది. కాటేదాన్‌లో ఉండే చెల్లెలి ఇంటి నుంచి శంషాబాద్ వస్తున్నాను. ఫోన్‌లో మా సంఘపు ఆమె ఒకరు, "అమ్మ పొద్దుగాలనే ప్రభువు దగ్గరికి పోయింది" అన్నారు. ఏడుపు రావాలి కదా, రాలేదు. కోపం వచ్చింది. ముందు రోజే ఆమెను చూడటానికి దవాఖానకు పోవలసింది, రేపు పోదాంలే అనుకున్నాను. ఆ కోపం మొదట నా మీదే. మర్నాటికల్లా వేరేవాళ్ల మీదికీ పాకింది. ఇప్పటికీ దిగలేదు. చల్లారాక రాస్తే మర్యాద కోసం అబద్ధాలు రాస్తానేమోనని, దిగకముందే ఇది రాస్తున్నాను.

బైబిలమ్మ అంటే తెలియనివాళ్లకు చెప్పాలి. ఇంటింటికీ తిరిగి, జబ్బుపడినవాళ్ల కోసం ప్రార్థన చేసి, చదువురాని ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించడం సంఘం ఆమెకు అప్పగించిన పని. మేమంతా అమ్మ అని పిలిచే ఆమె మొదటి రెండూ చక్కగా చేసేది. మూడోదే చేసేది కాదు. ముప్పై ఏళ్ల సేవలో ఆమె ఎవరికైనా ఓపిగ్గా చదివి వినిపించిందంటే నేను నమ్మను.

విమానాశ్రయం తెరిచిన ఏడాది నాకు అక్కడ ఊడ్చే పని దొరికింది. వేలిముద్ర వేసి చేరాను. గోడల మీద ఎటు చూసినా అక్షరాలే. ఏ గది ఎవరిదో బొమ్మలు చూసి పట్టుకునేదాన్ని. ఒకసారి జ్వరంతో పడుకుంటే అమ్మ ప్రార్థనకు వచ్చింది. "జర వాక్యం చదువమ్మా" అన్నాను. ఆమె తన బైబిల్ నా ఒళ్లో పడేసింది.

"నువ్వే చదువు."

"నాకు రాదు గదమ్మా."

"గందుకే చదవమంటున్న. ఎవరో చదివితె వినుడంటే కిరాయింట్ల ఉన్నట్టు బిడ్డా. ఎప్పుడు ఖాళీ చేయమంటరో తెల్వది."

జ్వరంలో ఉన్నదాన్ని లేపి కూర్చోబెట్టి అ, ఆ దిద్దించిన మనిషి ఆమె. జాలి లేదా అని తిట్టుకున్నాను. జాలి ఉండేది, ఓపికే తక్కువ. తప్పు చదివితే మోచేతి దగ్గర గిచ్చేది. దారం కట్టిన కళ్లద్దాల పైనుంచి చూసేది. నాలాగే నేర్చుకుంటున్న ఆడవాళ్లందర్నీ బస్టాండ్‌కు తీసుకుపోయి, వచ్చే ప్రతి బస్సు బోర్డూ చదివించేది. చదివేలోపు బస్సు వెళ్లిపోతే, "ఇంకోటొస్తది, తయారుండు" అనేది.

ఏడు నెలలు పట్టింది. నేను సొంతంగా చదివిన మొదటి వాక్యం, లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చాడన్నది. అతి చిన్నది కాబట్టి ఏరుకున్నాను. ఆమె పట్టేసింది. "పనిదొంగవే నువ్వు. ఏడ్చుడు కాడ ఆగకు, కిందికి గూడ సదువు. ఏడ్చినంక ఏం జేసిండు? సమాధి మీది రాయి తీయమన్నడు" అంది. అన్నాక పెన్సిల్ తీసి, ఆ వాక్యం పక్కన ఖాళీలో నా పేరు రాసింది.

ఆమె పద్ధతి అది. ఎవరు ఏ వాక్యాన్ని మొదట చదివితే దాని పక్కన వాళ్ల పేరు. ఆదికాండం నుంచి ప్రకటన దాకా ఆ పుస్తకం అంచుల్లో మేం ఆడవాళ్లందరం ఉన్నాం. గొర్రెల కాపరి కీర్తన పక్కన మేమంతా ఖాలా అని పిలిచే, బట్టలు కుట్టే ముస్లిం పిన్ని పేరు ఉండేది. ఖాలా బస్సు బోర్డుల కోసమే అక్షరాలు నేర్చుకుంది. "ఆమె సంఘంల కలుస్తదా?" అని పాస్టరు అయ్యగారు అడిగితే, "ఒక్కతే బస్సెక్కి పోయొస్తున్నది, సాలదా అయ్యగారూ?" అంది అమ్మ.

చివరి శిష్యురాలు యాదమ్మ. మా సంఘం మనిషి కాదు, బస్టాండ్ దగ్గర జామకాయలు అమ్ముతుంది. యాభై దాటాయి. మేము బోర్డులు చదువుతుంటే చూసి చూసి, ఒకరోజు బుట్ట పక్కన పెట్టి తనూ వచ్చి నిలబడింది. ఒత్తుల దగ్గర పడిపోతూ, లేస్తూ రెండేళ్లు నేర్చుకుంది. "ఒక్కసారి నా పేరు గా బుక్కుల పడాలె అక్కా, రేషన్ కార్డుల తప్ప నా పేరు యాడ లేదు" అనేది నాతో. ఇక తన మొదటి వాక్యం చదవడమే మిగిలి ఉండగా అమ్మ దవాఖానలో పడింది.

పోవడానికి రెండు వారాల ముందు అమ్మ నా చేయి పట్టుకుని స్పష్టంగా చెప్పింది. "నా బైబిల్ పెట్టెల పెట్టనియ్యకు. యాదమ్మ చదివినంక ఆమె పేరు రాసి, ఆమెకే ఇయ్యి. తర్వాత ఎవరికియ్యాల్నో ఆమె చూసుకుంటది." అట్లనే అన్నాను. ఆ మాట ఇచ్చింది నేనే.

చనిపోయినవాళ్ల బైబిల్‌ను శవపేటికలో గుండెల మీద పెట్టి పంపడం మా సంఘం ఆనవాయితీ. ప్రేమతోనే చేస్తారు, కాదనను. సంఘ పెద్ద ఆమె బైబిల్‌ను ఎత్తి అందరికీ చూపించి, "జీవితమంతా మోసిన వాక్యం, ఇప్పుడు ఆమెతోనే పోవాలె" అన్నాడు. జనం హల్లెలూయ అన్నారు. నేను ముందుకు పోయి, అమ్మ ఇట్ల చెప్పిందన్నా అన్నాను.

"ఏంది చెల్లె గిది? పీనుగ ముందల లొల్లి పెడ్తవా? బైటోళ్లకిచ్చుడేంది?"

పక్కనున్నవాళ్లు నా భుజం నొక్కారు. నోరు మూసుకున్నాను. చదువు వచ్చిన నోరు, బోర్డులన్నీ చదివే నోరు, కావలసినప్పుడు మూసుకుంది. మూత పెట్టి మేకులు కొట్టారు. ఆ పుస్తకంలో ఏముందో వాళ్లలో ఒక్కడు ఒక్కసారి తెరిచి చూడలేదు. మా పేర్లన్నీ మట్టిలోకి పోయాయి. తిరిగి వస్తుంటే యాదమ్మ అడిగింది, "ఇగ నా పేరు యాడ రాస్తరక్కా?" నెల పైగా బస్టాండ్ వైపు పోకుండా చుట్టూ తిరిగి డ్యూటీకి పోయాను.

నలభయ్యో రోజు సమాధి దగ్గర జ్ఞాపకార్థ కూటం పెట్టారు. నల్లరాతి పలక. పైన అమ్మ పేరు. దాని కింద, ఆ పేరు కన్నా లావు అక్షరాల్లో, సమాధి కట్టించిన ఆరుగురు పెద్దల పేర్లు. చర్చిలో ఫ్యాన్ రెక్కల మీద పేర్లు రాయించుకుంటే ఊరుకున్నాం, తిరిగితే కనపడవులే అని. ఇది తిరగదే! ఆ పలక పక్కనే నిలబడి అయ్యగారు చదివిన భాగమేదో తెలుసా? మీరే మా ఉత్తరం, అది రాతి మీద రాసింది కాదు, మనసుల మీద రాసింది అని పౌలు సంఘంతో చెప్పే భాగం. చదువుతూ ఒక్కసారైనా పక్కకు చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ప్రార్థన ముగిసి జనం భోజనాల వైపు కదులుతుండగా యాదమ్మ నా దగ్గరికి వచ్చింది. "అక్కా, నీ బుక్కియ్యి." ఇచ్చాను. అడిగేవాళ్లకు దొరుకుతుందని, తట్టేవాళ్లకు తలుపు తీస్తారని యేసు చెప్పిన చోటు తీసింది. వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ, చెమటలు కక్కుతూ చదివింది. కదిలినవాళ్లు ఆగిపోయారు. చదివి, నా వైపు చూసింది. నా దగ్గర పెన్సిల్ లేదు.

సమాధికి ఒక పక్క మేస్త్రీ అప్పుడే సిమెంటు మెత్తి నున్నగా చేశాడు. యాదమ్మ కింద పడి ఉన్న మేకు తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, ఆ పచ్చి సిమెంటు మీద తన పేరు రాసింది.

సంఘ పెద్ద కేకలేశాడు. "ఏయ్, ఏం జేస్తున్నవ్? మేస్త్రీ, జల్ది సాఫ్ చేయి!"

మేస్త్రీ తాపీ పట్టుకుని వచ్చాడు. ఈసారి నేను అడ్డం నిలబడ్డాను. "తాపీ తగిలిందంటే మర్యాదుండదన్నా. నలభై మందిమి మట్టిల పోయినం. ఒక్క పేరు ఉంటె నీకేం నొప్పి?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పెద్ద ఏదో అనబోయాడు. అప్పటికే ఖాలా బురఖా అంచు ఎత్తిపట్టి, యాదమ్మ చేతిలోంచి మేకు అందుకుంటోంది. ఖాలా తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. నేనూ రాశాను.

అమ్మ ఉంటే మా అందరి మోచేతులూ గిచ్చేది, రాతి మీద కాదని ఇప్పుడే విన్నంక గిదేం పని అని. గిచ్చనీ. ఆమె ఇంటింటికీ తిరిగి రాసిన పుస్తకాన్ని ఎవరో మూసేశారు, మాకు చోటు దొరికింది ఆ సిమెంటు మీదే.

భోజనాలకు పిలిచారు. మేము కదల్లేదు. మేస్త్రీ తాపీ పట్టుకుని వేపచెట్టు కింద కూర్చున్నాడు, పెద్ద అతని వైపు చూస్తూ తిరుగుతున్నాడు. నడినెత్తిన ఎండ. కొంగులు తలమీద కప్పుకుని, సమాధి చుట్టూ భుజాలు ఆనించి నిలబడ్డాం, సిమెంటు గట్టిపడేదాకా. యాదమ్మ మాత్రం వంగి, అక్షరం తర్వాత అక్షరం వేలితో చూపించుకుంటూ, తన పేరు తనే పైకి చదువుకుంటూ ఉంది.