రెండు వేళ్ల సందు

నాకు కచ్చితంగా తెలిసింది ఇది: హిందూపురంలోని ఒక టైర్ల మేస్త్రీ సందు కొలవడానికి చక్రానికీ మడ్‌గార్డుకీ నడుమ రెండు వేళ్లు దూర్చి, కళ్లు మూసుకునేవాడు. ఆ వేళ్లు ఎన్నడూ తప్పు చెప్పలేదన్నది విన్నమాట.

ధర్మవరంలో పట్టుచీరలమ్మే నా మిత్రుడు కారుకు వెడల్పాటి టైర్లు కోరాడు.

"ఈ సైజు వద్దప్పా. చీరల మూటలేస్తే బండి కుంగి, టైరు రాసుకుంటాది."

"నీ వేళ్లు లావెక్కినాయిలే మేస్త్రీ!" మిత్రుడు నవ్వాడు.

నేను స్కేలుతో కొలిచి, సందు చాలునన్నాను. అప్పుడు కారు ఖాళీగా ఉంది. మేస్త్రీ టైర్లు బిగించాడు.

నెల తిరక్కుండా, పెనుకొండ దగ్గర, మూటలతో వెళుతుండగా వెనక టైరు పేలింది. మిత్రుడు దక్కలేదు.

అది రాసుకునే అరిగిందా, మేకు దిగిందా అన్నది నేటికీ తేలలేదు. టైరు ముక్కలు పోలీస్‌స్టేషన్ ఆవరణలో చాన్నాళ్లు పడి ఉన్నాయి. చూడటానికి నేనే వెళ్లలేదు.